కొల్లేటి గొలుసు

ఏడు ఎంజైములు వేశారు. ఒక్కటీ తెర మీది ఆ పీకును కొరకలేదు. ల్యాబు పెద్ద ప్రసాదరావుగారికి అది పండగలా ఉంది. భానుకి మాత్రం గొంతులో చేపముల్లు దిగినట్టుంది.

"ఏదీ కొరకలేదంటే ఏంటండి సార్?" అని అడిగింది.

"కొత్తదనమ్మా! తెలిసిన చక్కెర ఏదైనా చివర ఉంటే ఏదో ఒకటి కొరికేది గదా. ఇంతవరకు ఎవరూ చూడని గొలుసు ఇది."

"అసలు మనిషి గొలుసే కాదేమోనండి."

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. "మనిషి రక్తంలోంచి తీసింది మనిషిది కాకపోతే కొరమీనుది అవుద్దా?"

పక్క బల్ల దగ్గర ట్యూబులు సర్దుతున్న కెజియా కూడా నవ్వింది. భాను నవ్వలేదు. మాట పెంచనూ లేదు. ఆమెది తక్కువ మాట్లాడి ఎక్కువసేపు చూసే రకం.

ఆ ల్యాబు తాడేపల్లిగూడెంలో కాలవ గట్టున ఉంది. మనిషి ఒంట్లో ప్రోటీన్ల మీద కొమ్మలు మొలిచినట్టు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఏ గొలుసులో ఏ చక్కెర ఉంది, దేని తర్వాత ఏది, కొమ్మ ఎక్కడ చీలింది అని తేల్చడమే అక్కడి పని. రక్తం మీది తేట తీసి, ప్రోటీన్ల నుంచి గొలుసుల్ని ఒక ఎంజైముతో కోస్తారు. ఒక్కో గొలుసు మొదట్లో మెరిసే రంగు తగిలించి మెషీనులోని సన్నటి గొట్టం గుండా పంపుతారు. పొట్టివి ముందొస్తాయి, పొడుగువి వెనక. ఒక్కోదానికి కంప్యూటర్ తెర మీద ఒక్కో పీకు లేస్తుంది. పీకును బట్టి గొలుసు ఎంత పొడుగో తెలుస్తుంది గాని దేంతో కట్టిందో తెలియదు. అందుకు మళ్లీ ఎంజైములు వేస్తారు. ఒక్కో ఎంజైముది ఒక్కో చక్కెర మీదే కన్ను. చివర తన చక్కెర ఉంటే కొరుకుతుంది, గొలుసు కురచై పీకు ముందుకు జరుగుతుంది. లేకపోతే ముట్టుకోదు. అలా చివర్నుంచి ఒక్కొక్కటే ఊడదీస్తూ పోతే గొలుసు గుట్టు బయటపడుతుంది. చిరిగిన వలలు విప్పి, ముడి ఎలా పడిందో కనిపెట్టి, తిరిగి వెయ్యడం నేర్చుకున్న పిల్ల భాను. ఈ పని ఆమెకు మొదటి రోజే చేతికి వచ్చేసింది.

ఎండాకాలంలో కొల్లేట్లో తన సొంత లంకలోనే క్యాంపు పెట్టించి తొంభై ఆరుగురి రక్తం తెచ్చింది. గూడెంలో ఇంకో తొంభై ఆరుగురిది తీశారు. కొల్లేటి వాళ్లలో ఒక పీకు నిటారుగా లేచింది. గూడెం వాళ్లలో ఆ చోటు చదునుగా ఉంది. ప్రసాదరావుగారు దానికి 'కొల్లేటి గొలుసు' అని పేరు పెట్టేశారు. చేపల చెరువుల నీళ్ల వల్ల ఆ మనుషుల ఒంట్లో ఏదో మారిపోయిందని ఆయన ఊహ. గొలుసు బరువు తూచి తేల్చే మెషీను హైదరాబాదులో ఉంది, అక్కడ నాలుగు నెలల వరస. అంతవరకు ఆగలేక తెలిసిన విలేకరికి ఒక మాట చెప్పారు. మర్నాడు జిల్లా పేజీలో పడింది: 'కొల్లేరు వాసుల రక్తంలో వింత చక్కెర'.

ఆయన చెడ్డవారని కాదు. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఈ ల్యాబు తెచ్చుకున్నారు. మెషీను దిగిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నారు. ఊరిబడిలో చదివి, ఇంగ్లీషు కూడబలుక్కుని మాట్లాడే భానుకి ఉద్యోగం ఇచ్చింది కూడా ఆయనే.

"బుధవారం కమిటీ వస్తోంది. శాంపిళ్లు తీసినదానివి నువ్వు కాబట్టి రిపోర్టు మీద నీ సంతకం కావాలమ్మా" అన్నారు.

"సోమవారం చెప్తానండి" అంది భాను.

*

శనివారం సాయంత్రం ఏలూరులో రైలు దిగి, బస్సెక్కి, కొల్లేటి గట్టు మొదట్లో దిగింది. అక్కడ తాతాజీ టీ కొట్టు ఉంది. ఆమె పెదనాన్న ముసలయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చెరువులో చేపల పట్టుబడి నుంచి వస్తున్నట్టున్నాడు, మోకాళ్ల దాకా బురద ఆరి తెల్లబడింది.

తాతాజీ రెండు టీలు తెచ్చాడు. గణపవరం నుంచి వచ్చిన లారీ వాళ్లు గాజు గ్లాసుల్లో తాగుతున్నారు. ముసలయ్యకీ భానుకీ మాత్రం కాగితం కప్పులు పెట్టాడు.

"గ్లాసులు అయిపోయాయేంట్రా?" అన్నాడు ముసలయ్య.

"ఏమనుకోకు బాబాయ్. పేపర్లో రాశారు గదా. వచ్చేవాళ్లు అడుగుతున్నారు, లంక వాళ్లు తాగినవి వేరే కడుగుతున్నావా అని."

"నా రక్తం నీ గ్లాసులోకి కారుద్దేంట్రా?"

"నేనన్నానా బాబాయ్? జనం అంటున్నారు."

"జనం! నిన్నటిదాకా నా చేప తిన్న జనమేగా."

ముసలయ్య టీ ముట్టకుండా లేచాడు. భానుతో గట్టు మీద చాలాదూరం నడిచాడు. తర్వాత అన్నాడు:

"రక్తం ఇమ్మన్నది నువ్వు. సర్కారోళ్లు అడిగితే ఇచ్చేవాళ్లం కాదు, డాక్టర్లు అడిగితే ఇచ్చేవాళ్లం కాదు. మంగాయమ్మ కూతురు అడిగిందని తొంభై ఆరుమందిమి చేతులు చాపాం. మరి ఆ తేడా ఏంటో నీ నోటితో చెప్పు. ఉంటే ఉందను, లేకపోతే లేదను."

"ఇంకా తేలలేదు పెదనాన్నా."

"తేలకుండానే పేపర్లోకి ఎక్కించారా?"



ఇంట్లో అన్నం తిన్నాక క్యాంపు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎవరిది ఎన్నో నంబరు, ఏ టైముకి తీశారు, తేట ఎప్పుడు పోశారు అన్నీ తన చేతిరాతే. పక్కన పీకుల కాగితాలు పరిచింది. నలభై ఒకటి నుంచి యాభై నాలుగు దాకా పద్నాలుగు శాంపిళ్లలో ఆ పీకు లేదు. అవి పాడైపోయి ఉంటాయని ప్రసాదరావుగారు లెక్కలోంచి తీసేశారు. కాని వాటిల్లో మిగతా పీకులన్నీ చక్కగానే ఉన్నాయి. పాడైతే అన్నీ పాడవ్వాలి గదా?

ఆ పద్నాలుగుమందీ ఒక ఇంటివాళ్లు కాదు, ఒక వయసువాళ్లు కాదు. ఒకే చెరువు మీద పనిచేసేవాళ్లూ కాదు. కలిసింది ఒక్కటే, తేట పోసిన టైము. పదకొండూ ఇరవై నుంచి పన్నెండూ పది దాకా.

"అమ్మా, క్యాంపు రోజు పదకొండింటప్పుడు ఏమైంది?"

మంగాయమ్మ పక్క దులుపుతోంది. "ఏమవుద్ది? కరెంటు పోయింది. మీ సారుగారు చెమటకి తడిసి ముద్దయిపోతే నేనేగా తాటాకు విసనకర్ర ఇచ్చాను. అప్పటిదాకా ఆ ఫేను ముందునుంచి కదల్లేదు మహానుభావుడు."

భాను చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"నీకైతే ఫేను గాలికి తలంతా తవుడే" అంది మంగాయమ్మ. "మూడుసార్లు కుంకుడుకాయ పెట్టి రుద్దాను, గుర్తులేదా?"

గుర్తొచ్చింది. క్యాంపు పెట్టింది చెరువుల యజమాని నాగదుర్గారావుగారి రేకుల షెడ్డులో. చెరువుల్లో చేపలకి వేసే తవుడు బస్తాలు కప్పుదాకా పేర్చి ఉంటాయి అక్కడ. రక్తం తిప్పే మెషీనుకి ప్లగ్గుంది, నిలువెత్తు ఫేనుంది, సిమెంటు నేల ఉంది. లంకలో ఇంకెక్కడా ఆ మూడూ లేవు. అందుకే ఆ షెడ్డు చాలునంది. అన్నది మరెవరో కాదు, భానే. పుట్టినప్పట్నుంచి పీలుస్తున్న తవుడు దుమ్ము ఆమె కంటికి దుమ్ములాగే కనపడలేదు. ఫేను తిరుగుతుంటే, మూతలు తీసిన ట్యూబుల వరస ముందు కూర్చుని, తేట చిన్న ట్యూబుల్లోకి తోడింది. తవుడంటే బియ్యపు పైపొర. దాన్లో గంజి ఉంటుంది. గంజి అంటే గ్లూకోజు గొలుసు; ల్యాబులో వేసిన ఏడు ఎంజైముల్లో గ్లూకోజు మీద కన్నున్నది ఒక్కటీ లేదు. ఆ గొలుసుని ముక్కలు చేసే ఎంజైము రక్తంలోనే కొంచెం ఉంటుంది. మధ్యాహ్నమంతా ఎండ వేడికి అది పని చేసుకుపోయి ఉంటుంది.

కరెంటు పోయాక ఫేను ఆగింది. గాలి ఆగింది. అంతకుముందే మెషీనులో తిప్పి ఉంచిన ఆ పద్నాలుగు ట్యూబుల్లో ఏమీ పడలేదు.

వింత చక్కెర మనుషుల్లో లేదు. చేపల మేతలో ఉంది. దాన్ని రక్తంలో కలిపింది తను.

*

సోమవారం పొద్దున్నే ప్రసాదరావుగారి గదిలో నిలబడి, తడబడకుండా అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. చివరికి, చాలా మెత్తగా అడిగారు:

"ఆ షెడ్డు చూపించింది ఎవరమ్మా?"

"నేనేనండి."

"మూతలు తీసింది?"

"నేనేనండి."

"ఇది బయటికొస్తే పోయేది ఎవరి ఉద్యోగం?"

"నాదేనండి."

"మరి ఎందుకమ్మా ఈ గొడవ? తవుడు పడిందని నీ ఊహ. పీకు ఉందన్నది నిజం. సంతకం పెట్టు. హైదరాబాదులో తూచాక తేడా వస్తే అప్పుడు చిన్నగా సవరించుకుందాం."

"అప్పటిదాకా మా వాళ్లు కాగితం కప్పుల్లో టీ తాగాలాండి?"

ఆయనకు అర్థం కాలేదు.  "గంజిని కొరికే ఎంజైము ఒకటి తెప్పించండి సార్. ఒక్క పూటలో తేలిపోద్ది."

"ఇప్పుడు ఆర్డరు పెడితే పదిహేను రోజులు. బుధవారం ఎల్లుండి." ఆయన కాగితం ముందుకి తోశారు. "నిన్ను కూతురులా చూశాను భానూ."

"అందుకే ముందు మీకు చెప్పానండి" అంది. సంతకం పెట్టకుండానే బయటికొచ్చింది.

కెజియా వరండాలో క్యారేజీ కడుగుతోంది. ఏలూరు నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి, ఏడేళ్లుగా ఈ ల్యాబులో టెక్నీషియను. తలుపు సందులోంచి అంతా విన్నట్టే ఉంది.

"ఏమే, ఎంజైము దొరకలేదా?"

"పదిహేను రోజులంట అక్కా."

"గంజిని కొరికేదేగా? నువ్వు అన్నం నమిలేటప్పుడు ఎప్పుడూ తియ్యగా తగల్లేదూ?"

భాను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత వాళ్లిద్దరూ ఒక్కసారే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఉమ్మా?"

"ఉమ్మే. ఆర్డరు అక్కర్లేదు, కొటేషను అక్కర్లేదు. దేవుడు అందరికీ ఊరికే ఇచ్చాడు. రేపు పొద్దున్నే నోరు కడుక్కుని రా. టిఫినుకి పులిహోర తిన్నావా, పసుపు పీకొస్తే నేను పూచీ కాదు."

మంగళవారం ల్యాబుకి ఎవరూ రాకముందే వచ్చారు. భాను నోరు నాలుగుసార్లు పుక్కిలించి, శుభ్రమైన ట్యూబులో ఉమ్మేసి, నీళ్లు కలిపి పల్చన చేసింది. సగం పక్కకి తీసి మరగబెట్టింది. మరిగితే ఎంజైము చస్తుంది కాబట్టి, దాన్ని పక్కన పెట్టి చూస్తే మోసం ఉండదు. రంగు తగిలించిన కొల్లేటి గొలుసుల్లో పచ్చి ఉమ్మి కొంచెం, వేరే ట్యూబులో మరిగినది కొంచెం. గూడెం శాంపిళ్లకీ అంతే. గంటసేపు ఒంటి వేడిలో ఉంచి మెషీను ఎక్కించింది.

మిగిలిన ఉమ్మి ట్యూబుతో ఆమె నిలబడి ఉంటే కెజియా అంది, "ఇన్నేళ్లు చదివి చదివి ఆఖరికి ఉమ్మడమా నీ పని!"

"ఎక్కడ ఉమ్మాలో తెలియడానికే అక్కా చదివింది."

ముప్పై ఎనిమిదో నిమిషంలో పీకు లేవాలి. ముప్పై ఏడు దాటింది. ముప్పై ఎనిమిది. గీత చదునుగా సాగిపోయింది. ముప్పై తొమ్మిది. నలభై. కొల్లేటి గొలుసు లేదు. చాలా ముందుగా, పొట్టి చక్కెరలు వచ్చే చోట రెండు పుల్లల్లాంటి పీకులు మాత్రం కొత్తగా లేచాయి. మరగబెట్టిన ఉమ్మి వేసిన దాన్లో పాత పీకు ఉన్నట్టే ఉంది. మనిషి గొలుసుల పీకులు ఏ ట్యూబులోనూ గోరంతైనా కదల్లేదు.

భాను అంతటితో ఆగలేదు. ఎదుటివాళ్లు ఏమంటారో తనే అనుకుని చూసుకునే అలవాటు ఆమెది. సాయంత్రం దాకా ఉండి, ఇంకొకటి చేసింది.

*

బుధవారం మీటింగు హాల్లో పన్నెండుమంది కూర్చున్నారు. రక్తం తియ్యడానికి అనుమతి ఇచ్చిన కమిటీకి పెద్ద రాజకుమారిగారు. ఏలూరులో పేరున్న డాక్టరు, డెబ్బై ఏళ్లు ఉంటాయి. ప్రసాదరావుగారు అరగంట మాట్లాడారు. తెర మీద పీకు నిలువునా లేచి ఉంది.

"సందేహాలేమన్నా ఉంటే అడగండి" అన్నారు చివర్లో.

గోడ పక్కన కుర్చీలోంచి భాను లేచింది.  

"ఆ పీకు మా లంక వాళ్లది కాదండి. చేపల తవుడుది. నిన్న నా ఉమ్మితో కరిగించాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజకుమారిగారు నవ్వలేదు. "ఏం చేశావో వరసగా చెప్పమ్మా" అన్నారు.

చెప్పింది. కాగితాలు పంచింది. కరెంటు పోయిన యాభై నిమిషాలూ, పద్నాలుగు నంబర్లూ, మరిగిన ఉమ్మి, పచ్చి ఉమ్మి.

ప్రసాదరావుగారి మొహం ఎర్రబడింది. "ఉమ్మిలో సవాలక్ష ఉంటాయండి. ఏది దేన్ని కొరికిందో ఎవరికి తెలుసు? ఇదా సైన్సు?"

"మీరు అలా అంటారనే ఇంకొకటి చేశానండి" అంది భాను. "ప్రోటీన్ల మీంచి గొలుసుల్ని కోసే మొదటి ఎంజైము ఉంది గదండి, అది వెయ్యకుండానే నడిపాను. కోయకపోతే మనిషి గొలుసు ఒక్కటీ ఊడి రాకూడదు. రాలేదు. కొల్లేటి గొలుసు మాత్రం వచ్చింది. అసలు అతుక్కుని ఉంటేగా ఊడదీయడానికి! బయట్నుంచి వచ్చి తేలుతోందండి అది."

 రాజకుమారిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వేలితో గీత వెంట పోయారు. చివరిదాకా పోయి కళ్లజోడు సర్దుకున్నారు.

"ప్రసాదరావుగారూ, ఈ పరీక్ష మీరు చెయ్యలేదాండి?"

ఆయన భాను వైపు చూశారు. "అంటే, శాంపిళ్లు పాడుచేసింది తనేనని తనే ఒప్పుకుంటోందన్నమాట. రాసుకోండి."

"రాసుకోండి" అంది భాను. "షెడ్డు నేనే చూపించాను. మూతలు నేనే తీశాను. తప్పు నాదని నా పేరుతోనే రాయండి. కాని పేపర్లో మా ఊరి పేరు పడినంత పెద్దగా, ఆ ఊరి తప్పు కాదని కూడా పడాలండి. అది పడకపోతే నేనే ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను."

అంత పొడుగు మాట ఆమె నోట ఆ ల్యాబులో ఎవరూ వినలేదు.

రిపోర్టు ఆగింది. ప్రసాదరావుగారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు వచ్చి, ఆమె బల్ల మీద సవరణ కాగితం పెట్టారు. కింద ఆయన సంతకం ఉంది. "ఆ మొదటి ఎంజైము మానెయ్యడం నాకు తట్టాలమ్మా. పిల్లలకి నేనే చెప్పే పాఠం అది" అన్నారు. ఆమె మొహంలోకి చూడలేదు. కమిటీ భానుకి మూడు నెలలు జీతం ఆపింది. మళ్లీ శాంపిళ్లు తియ్యమంది. పేపర్లో సవరణ అగ్గిపెట్టంత వేశారు. భాను వెళ్లి మెట్ల మీద కూర్చుంది. రెండో రోజు దాన్ని పెద్దది చేసి, ఊరి పేరుతో వేశారు.

*

దసరా వెళ్లాక లంకలోని బడి గదిలో మళ్లీ క్యాంపు పెట్టారు. నేల రెండుసార్లు కడిగారు. కిటికీలు మూశారు. ఫేను లేదు. అద్దెకి తెచ్చిన జనరేటరు మీద రక్తం తిప్పే మెషీను పెట్టారు. కెజియా సూదులు సర్దింది. జనం వచ్చారు గాని ఎవరూ కుర్చీలో కూర్చోలేదు.

ముసలయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "ఒకసారి ఇచ్చాం. దుమ్ము కలిపి మా మీదే పోశారు. మళ్లీ ఎందుకివ్వాలి?"

"ఇవ్వకపోయినా పరవాలేదు పెదనాన్నా" అంది భాను. "నేను బలవంతం పెట్టను."

"ఈసారి తీసి చూస్తే నిజంగానే తేడా ఉందనుకో. ఏం చేస్తావ్? దాచేస్తావా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. వెనక వరసలో తల్లి కూడా. లేదని చెప్పేసి గండం గడుపుకోవచ్చు. ఆమెకి ఆ అబద్ధం ఆడాలని లేదు.

"దాచను. ఉంటే ఉందనే చెప్తాను. చెరువుల నీళ్లే కారణమైతే, చెరువుల వాళ్ల మొహం మీదే చెప్తాను. కాని మొదట మీకే చెప్తాను. ఇదే గదిలో నిలబడి చెప్తాను. మీరు విన్నాకే ఇంకెవరికైనా."

"సారుగారు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోకపోతే మీ రక్తం ఒక్క చుక్క ఈ లంక దాటదు. ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించాను. చదవనా?"

ఆమె చదివింది. వెనకనుంచి ఎవరో మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివింది. ముసలయ్య మీసం నిమురుకున్నాడు.

"బానే ఉంది. కాని పోయినసారి తొంభై ఆరుమందిలో నీ పేరు లేదు. నువ్వు గూడెం మనిషివా, ఈ లంక మనిషివా?"

"పనిచేసేవాళ్లది తియ్యకూడదని రూలు పెదనాన్నా."

"మా చేతులకి రూలు లేదు, నీ చేతికి ఉందా? ముందు నువ్వు కూచో."

కెజియా భాను వైపు చూసి, "రూలు సంగతి రాజకుమారిగారికి నేను చెప్పుకుంటాలే. లెక్కలోంచి తీసేస్తే తీసేస్తారు" అంది.

భాను పుస్తకం పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. కుర్తా చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. కెజియా రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది దించింది. రక్తం ట్యూబులోకి ఎగిసింది. ముసలయ్య వంగి చూశాడు. ఆ వెనకే నలుగురు, ఆ వెనక పదిమంది.

"మూత గట్టిగా పెట్టమ్మాయ్" అన్నాడు కెజియాతో.

ఆమె పెట్టింది. ట్యూబు మీద ఒకటి అని నంబరు వేసింది.